నీడ పక్క సీటు

ప్రొద్దుటూరులో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు చూసి నవ్వుకోనివాళ్ళు తక్కువ. ఇక్కడ మనిషిని నరికినవాడు మర్నాడు కొడవలితో సహా స్టేషనుకు వెళ్ళి పేరు చెప్పుకుంటాడు. ఇక కనిపెట్టడానికి ఏముంది? ఇనాయతుల్లా ఆ మాట విన్నప్పుడల్లా తానూ నవ్వేవాడు. ఆయన సహాయకుడు జోసఫ్‌కు మాత్రం ఒళ్ళు మండేది. తన గురువును మించిన బుర్ర జిల్లాలో లేదని అతని నమ్మకం.

ఆ మంగళవారం మేడమెట్లెక్కి వచ్చిన వేదవతి ఏడవలేదు. మజ్జిగ ఇస్తే గ్లాసు చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయింది. భర్త విశ్వేశ్వరయ్యతో కలిసి సామర్లకోట నుంచి గండికోట చూడటానికి వచ్చిందట. ఆయన రిటైరైన మాస్టారు. ఈ ప్రాంతంలో వాళ్ళకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. మొన్న శుక్రవారం పొద్దున ప్రొద్దుటూరులో జమ్మలమడుగు బస్సెక్కారు. దారిలో ఇద్దరు చెయ్యెత్తి బస్సాపి, ఎక్కి, ఆయన్ని పొడిచి చంపి దిగిపోయారు.

“పొడిసినోళ్ళు లొంగిపోయినారు కదమ్మా?” అన్నాడు ఇనాయతుల్లా.

“లొంగిపోయారండి. దాసయ్య అనే పార్టీ మనిషి కోసం వచ్చారట. మా ఆయన తలమీద అతని పార్టీ రంగు తువ్వాలుంటే అతనే అనుకున్నారట.” ఆమె గొంతు పాఠం అప్పజెప్పినట్టుంది. “ఎస్సైగారేమో, ఆ తువ్వాలు కప్పుకున్నాడంటే మా ఆయనా ఆ పార్టీవాడే అంటున్నారు. పేపర్లోనూ అలాగే వేశారు. మా ఊరంతా చదివింది. పిల్లలకు పాఠాలు చెప్పుకున్న మనిషండి. ఆయనకా పేరు లేకుండా చెయ్యండి. నేనింకేం అడగను.”

“ఆ తువ్వాల ఆయన దగ్గరికి ఎట్లొచ్చింది?”

“బస్సు రాగానే అందరూ కిటికీల్లోంచి తువ్వాళ్ళు వేసి సీట్లు పట్టేశారు. మాకా పద్ధతి తెలీక వెనకబడ్డాం. ఎడమ పక్క ఆడవాళ్ళ సీట్లో నాకు చోటు దొరికింది. నా వెనక సీట్లో ఉన్న దాసయ్య లేచి మా ఆయన్ని కూర్చోబెట్టాడు. ‘ఎండ కొడతాది పెద్దాయనా, నెత్తిన కప్పుకోండి’ అని తువ్వాలూ ఇచ్చాడు. తర్వాత నేను చూడలేదండి. చల్లగా ఉంటే నిద్ర పట్టేసింది. అరుపులకు లేచాను.”

ఇనాయతుల్లా ఆ బస్సు వేళ, సీటు అడిగి రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆయన జోసఫ్‌ను వెంటబెట్టుకుని అదే బస్సెక్కి, అదే సీట్లో కూర్చున్నాడు. కండక్టరు హబీబుల్లా టికెట్లు కొడుతూ తనకు తెలిసింది చెప్పాడు.

“దాసయ్య జమ్మలమడుగుకు టికెట్టు తీసుకున్యాడు సార్. మల్లా బస్టాండు దాటకముందే దిగిపాయ.”

“ఈ బస్సుకు కొత్తా ఆయన?”

“యాడ కొత్త? శానా ఏండ్ల నుంచి ఇదే బస్సు.”

జమ్మలమడుగులో దిగాక ఇనాయతుల్లా, “నీకు చెమట పట్టిందా?” అని అడిగాడు.

“లేదు సార్. ఆ పక్కనోళ్ళే మాడిపోయినారు,” అన్నాడు జోసఫ్. ఆ ప్రశ్న ఎందుకో అతనికి అంతుబట్టలేదు.

దాసయ్య ఇంటి ముందు కొత్తగా ఇద్దరు తుపాకీ పోలీసులు కాపలా ఉన్నారు. చావు తప్పించుకున్న నాయకుడని పార్టీ ఆయనకు మండలాధ్యక్షుడి టికెట్టు ఖాయం చేసిందని అరుగు మీద చెప్పుకుంటున్నారు. దాసయ్య మర్యాదగానే మాట్లాడాడు.

“ముసలాయన నిలబడుకోనుంటే పానం ఒప్పలేదప్పా. సీటిచ్చినా. నేను నిలబడి పోలేక ఇంకో బస్సుకు పోదామని దిగినా. అదే నన్ను కాపాడింది. ఆ దేవుని దయ.”

సాయంత్రం ఎస్సై దావూద్ గదిలో అందరూ కూర్చున్నారు. వేదవతి కిటికీ దగ్గర, దాసయ్య ఎదురుగా, హబీబుల్లా గుమ్మంలో.

“సీటిచ్చేది మంచి పనే,” అన్నాడు ఇనాయతుల్లా. “సీటిచ్చి దిగిపోయేటోడు తన తువ్వాల తాను తీసుకోని పోతాడు. మన పక్క మొగోడు భుజాన తువ్వాల లేకుండా బజార్లో నడుస్తాడా? నువ్వు వదిలేసి పోయినావు. ఎందుకు?”

“ఎండ కొడతాదని ఇచ్చినాలే.”

“యాడి ఎండ? పొద్దున జమ్మలమడుగుకు పోయే బస్సులో ఎండ కుడిపక్క పడతాది. ఎడమపక్కంతా నీడ. అందుకే ఈయమ్మకు నిద్ర పట్టింది. బస్సు ఎటు తిరుగుతాదో కొత్తోళ్ళకు తెలీదు, నువ్వు చెప్తే నమ్మినారు. నీకు తెలీదా? నీడలో కూచున్న మనిషికి నెత్తిన తువ్వాల ఒకందుకే. మొగం కనపడకుండా.”

జోసఫ్ నోరు తెరుచుకుని వింటున్నాడు.

“దావలో కాపేసినారని తెలిసుంటే బస్సెక్కకుంటే సాలు కదా?” అన్నాడు దావూద్.

“ఈ పొద్దు తప్పిచ్చుకుంటే రేపొస్తారు సార్. ఒక పీనుగ పడితే కాపలా వస్తాది, పార్టీలో పేరొస్తాది. అయితే ఊరోణ్ణి కూచోబెడితే వాని అన్నదమ్ములు ఊరుకుంటారా? రేపు ఈయన మీదికే వస్తారు. కొత్తోళ్ళ కోసం ఈడ కత్తి పట్టేటోళ్ళు ఎవురుండారు?”

దాసయ్య గోడ వైపు చూశాడు. దారిలో కాపు కాసిన సంగతి తెల్లారకముందే ఎవరో తనకు చెప్పి పంపారని చివరికి ఒప్పుకున్నాడు. “నాకూ పెండ్లాం బిడ్డలుండారు. నేను పొడిసినానా? సీటిచ్చినా, అంతే.”

దావూద్ కానిస్టేబుల్‌ను పిలిచి దాసయ్యను లోపలికి తీసుకుపొమ్మన్నాడు. వేదవతి వైపు తిరిగినప్పుడు ఆయన గొంతు తగ్గింది.

“తప్పు మాదేనమ్మా. మీ ఆయన ఏ పార్టీ మనిషీ కాదని పేపరోళ్ళకు నేనే చెప్తా.”

ఆమె తలూపింది. తను అడిగినది దొరికింది. అయినా ఆమె ముఖంలో ఏమీ మారలేదు. లేచి దాసయ్య దాకా వెళ్ళింది.

“మీరు సీటిచ్చాక ఆయన నా భుజం తట్టారు,” అంది మెల్లగా. “‘అందరూ మనల్ని ఊరికే భయపెట్టారు గానీ, ఎంత మంచివాళ్ళో చూశావా! ఆయనది ఏ ఊరో కనుక్కో, తిరిగి వెళ్ళేటప్పుడు ఇంటికెళ్ళి దండం పెట్టి వద్దాం’ అన్నారు. నాతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే. నేను కనుక్కోకుండా నిద్రపోయాను.”

వంగి ఆయన ముఖంలోకి చూసింది.

“మీది ఏ ఊరండీ?”

దాసయ్య తలెత్తలేదు. ఆమె జవాబు కోసం అలాగే నిలబడింది.