పదకొండో మెట్టు

పలాసలో ఆ సినిమా హాలు ఇప్పుడు జీడిపిక్కల గొడౌను. నాలుగు బెంచీలు, చిల్లులు పడ్డ తెర, పైన ఆపరేటర్ గదిలో బొమ్మ వేసే మిషను మాత్రం మిగిలాయి. ఆ మిషను మీద ఇంకొకడి చెయ్యి పడనివ్వలేదు పాత ఆపరేటర్ శేషగిరి. ముసలాడైపోయినా వారం వారం వచ్చి నూనె వేసి తుడిచేవాడు. రేపు హాలు పడగొడతారు.

ఇవాళ మధ్యాహ్నం, అప్పట్లో తిరిగి పంపకుండా దాచుకున్న పాత రీలొకటి మోసుకొచ్చాడు.

"ఏటి మావా, ఆ క్రైమ్ బొమ్మ ఆనాడే ఎవడూ సూడనేదు. మూడో రోజుకి ఎత్తేసినారు. ఇప్పుడెవులు సూత్తారు?" హాలు యజమాని ఉమాశంకర్ నవ్వాడు.

"సూడాల్సినోలు సూత్తారు. మీ అయ్య నన్నొక్కనాడూ కుర్సీలో కూసోమననేదు. ఈ ఒక్క ఆటా నాది. తలుపులేసి ఎల్లు."

నలుపు తెలుపు బొమ్మ. వాన, తడి వీధులు, టోపీ కింద సగం మొహం దాచుకున్న హంతకుడు. మధ్యలో ఒకమ్మాయి మేడమెట్లు దిగుతుంది. పదకొండు మెట్లు. మాట లేదు. ఆ అమ్మాయి శేషగిరి చెల్లెలు నాగసుధ. మద్రాసులో దానికి దొరికిన వేషం అదొక్కటే.

బొమ్మ పలాస వచ్చిన రోజు నాగసుధ వీధి ఆడోళ్లందర్నీ వెంటబెట్టుకొచ్చి కూర్చుంది. అప్పటికే ఆ ముక్క కత్తిరించేశాడు శేషగిరి. తమ ఇంటి పిల్లని చూసి నేల టికెట్టువాళ్లు ఈలలెయ్యడమా? అతుకు ఎవరికీ తెలియకుండా అతికినందుకు గర్వపడ్డాడు కూడా.

"ఏదే, నువ్వెక్కడే?" అని ఆడోళ్లు నవ్వారు.

నాగసుధ వెనక్కి తిరిగి, ఆపరేటర్ గది కన్నం వైపు ఒక్కసారి చూసింది. మర్నాడు భావనపాడు బస్సెక్కింది. నాలుగో నాటికి సముద్రం శవాన్నిచ్చింది.

రెండు బారల ఆ ముక్కని ఇన్నేళ్లూ పౌడరు డబ్బాలో దాచాడు. ఇవాళ తిరిగి అతికాడు. ఈసారి అతుకు వంకరొచ్చింది. సరిచెయ్యలేదు.

మిషను టకటకలాడింది. చీకట్లో జీడితొక్క కంపు. తెరమీద వాన. హంతకుడు సందు తిరిగాడు. మెట్లు వచ్చాయి...

ఖాళీ మెట్లు.

"సుధా..."

అతుకు తెగింది. తెర తెల్లబడింది. మిషను ఆపేశాడు.

టక్.

మూసిన తలుపు అవతల, గదికొచ్చే చెక్కమెట్ల మీద. రెండు... మూడు... రోజూ రీళ్లు మోసినవాడికి తెలుసు. ఆ మెట్లూ పదకొండే.

ఎనిమిది... తొమ్మిది... పది.

ఆగింది.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు గొణుగుతూ. ఇన్నేళ్లలో మొదటిసారి. తలుపు తియ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఏ మొహంతో తీస్తాడు? ఉమాశంకర్ వచ్చి పిలిచేదాకా అలాగే కూర్చున్నాడు. మెట్లమీద ఎవరూ లేరు.

మర్నాడు కూలీలు ఆ చెక్కమెట్లు ఊడదీసి పొయ్యిల్లోకి పంచుకుంటుంటే దగ్గరుండి చూశాడు. దీపాలవేళకి ఇల్లు చేరి గడియ పెట్టుకున్నాడు.

అతనిది నేలిల్లు. ఒక్క మెట్టూ లేదు.

గడప అవతల చెక్కమీద అడుగు పడింది.

టక్.