ముందు పళ్ల మధ్య సందు

1964 నవంబర్ 9, సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు ఎల్‌రాయ్ టిబ్స్ ట్రంపెట్ పలకలేదు. ఎంత ఊదినా గాలి తప్ప ఏమీ రాలేదు. ట్రంపెట్ చంకలో పెట్టుకుని, వానలోనే పళ్ల డాక్టరు బిర్గిట్ స్కోవ్ క్లినిక్‌కి వెళ్లాడు. మెట్ల మీద జారి విరిగిన అతని ముందు పన్ను చోట ఆ ఉదయం కొత్తది కట్టింది ఆమే.

"నా నోరు పాడు చేశారు డాక్టర్!"

ఆమె అద్దం అందించింది. "చూసుకోండి. కోపెన్‌హాగన్‌లో ఇంత చక్కటి పన్ను ఎవరికీ లేదు. పక్కన సందు ఉంటే అదీ మూసేశాను, మీరు అడక్కుండానే."

"ఆ సందులోంచే కదా నా గాలి పోయేది!"

"ముందే చెప్పొచ్చుగా?"

"నోట్లో దూది కుక్కారు. ఎలా చెప్పను?"

ఆమెకు నవ్వొచ్చింది. అతనికి రాలేదు. శనివారం క్లబ్బులో కచేరీ. వాయించలేకపోతే అతని చోట ఇంకొకరు వస్తారు.

ఎనిమిదేళ్ల కిందట అమెరికాలోని సెయింట్ లూయిస్ నుంచి బ్యాండుతో వచ్చాడు. బ్యాండు తిరిగి వెళ్లింది, అతను ఉండిపోయాడు. పారిస్, ఆంట్‌వెర్ప్, ఇప్పుడు ఇక్కడ. చప్పట్లు కొట్టినవాళ్లు ఇళ్లకు పోయేవాళ్లు, అతను అద్దెగదికి. ట్రంపెట్ కూడా మూగబోతే ఆ గదిలో ఇక చప్పుడే ఉండదు.

బిర్గిట్ సన్నటి ఆకురాయి తీసింది. "కూర్చోండి. ఊదండి."

గాలి.

కొంచెం అరగదీసింది. "మళ్లీ."

కీచుమంది. పై అంతస్తులో ఎవరో నేల తన్నారు.

"ఆ పైనావిడకి ఏదీ నచ్చదు. మీరు ఊదండి."

"ఇంకొంచెం, డాక్టర్. వెంట్రుకంత."

ఈసారి పలికింది. అతను ఆపకుండా తను కట్టిన పాట ఒకటి మొత్తం వాయించాడు. పైనావిడ తన్నలేదు. ఆమె ఆకురాయి చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ఎవరి కోసం కట్టారు ఈ పాట?"

"ఎవరూ లేరు."

"ఎనిమిదేళ్లలోనా?"

"ఊళ్లు మారుతుంటానుగా."

"నేను ఈ ఊరు దాటిందే లేదు. నాకూ ఎవరూ లేరు," అందామె. ఆకురాయి సొరుగులో పెట్టి, "ఇవాళ గట్టివేమీ తినకూడదు. మా ఇంట్లో బఠాణీల సూప్ ఉంది," అంది.

"ఇది డాక్టరు సలహానా?"

"డాక్టరు ఇంటికెళ్లిపోయింది. నేనే అడుగుతున్నా."

ఆమె క్లినిక్‌కి తాళం వేసింది. ఒకే గొడుగులో ట్రాం స్టాపు దాకా నడిచారు. ఎల్‌రాయ్ గది ఉత్తరం వైపు, ఆమె ఇల్లు దక్షిణం వైపు. ముందు వచ్చిన ట్రాం దక్షిణానికి వెళ్లేది. ఇద్దరూ ఎక్కారు.