బానెట్ వెనక మనిషి

ఆమెకు అన్నిటికంటే ఎక్కువ భయం, పాప ఎవరికైనా అలవాటు పడిపోతుందేమోనని.

మిగతా భయాలు లేవని కాదు. మెట్లంటే భయం, వేడినీళ్లంటే భయం, కరెంటు ప్లగ్గులంటే భయం. పాప తుమ్మితే చాలు, చేతిలో పని వదిలేసి నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తుంది. కానీ వాటికి మందులున్నాయి, మూతలున్నాయి, తలుపుకి గడియ ఉంది. అలవాటుకి గడియ ఎక్కడ పెట్టాలి?

పాప తండ్రి, పాప పాకడం నేర్చుకోకముందే వెళ్లిపోయాడు. విడాకుల కాగితాలు కూడా వచ్చేశాయి. పాపకి ఆయన ముఖం గుర్తులేదు కాబట్టి ఏడవలేదు. ఆ వాటా కూడా ఆమే ఏడ్చింది. కానీ కింది ఇంట్లో ఉండే టీచరమ్మ ఇల్లు మారినప్పుడు మాత్రం పాప ఆ మూసిన తలుపు ముందు చతికిలబడి, "తీచలమ్మా, నేనొచ్చా" అని పిలుస్తూనే ఉంది. తీసుకొస్తే మళ్లీ వెళ్లింది. ఆ పిలుపు విన్నప్పుడే ఆమె ఒట్టు పెట్టుకుంది, ఇంకెవర్నీ గడప దాటి రానివ్వకూడదని.

అలాంటి ఇంటి మీదికి లిఫ్ట్ మెకానిక్ ఊడిపడ్డాడు.

ఊడిపడటమంటే నిజంగా పైనుంచే. ఒక వాన రోజు చంకలో పాప, చేతిలో కుట్టడానికి తెచ్చిన కర్టెన్ల మూట, లిఫ్ట్ మధ్యలో ఆగిపోయింది. కాసేపటికి పైకప్పు పలక జరిగి, తలకిందులుగా ఒక ముఖం వేలాడింది.

"కంగారుపడకండి మేడం, తీసేస్తున్నా."

"పాపకి ఊపిరాడకపోతే ఎవరిది పూచీ? మీ కంపెనీదా, మీదా?"

"గాలి బాగానే ఉంది మేడం. మీ కేకలకే సరిపోతోందంటే, పాపకి సరిపోదా?"

ఆమెకు ఒళ్లు మండింది. పాప మాత్రం తలకిందులుగా ఉన్న ఆ ముఖాన్ని చూసి పకపకా నవ్వింది. చిక్కంతా ఆ నవ్వుతోనే మొదలైంది.

లిఫ్ట్ ముసలిది. అతను మాటిమాటికీ రావాల్సి వచ్చేది. వచ్చినప్పుడల్లా పాప "లిఫ్టంకుల్" అంటూ గుమ్మంలోకి పరుగు. కాలిపోయిన బటన్ ఒకటి తెచ్చిస్తే దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంది. కొన్నాళ్లకి మెట్ల మీద పనిముట్ల సంచి చప్పుడు వినిపిస్తే తలెత్తేది పాప ఒక్కతే కాదు. కుట్టుమిషన్ కూడా ఆగేది.

ఆ సంగతి తనకి తెలిసొచ్చిన రోజున ఆమె అతన్ని మెట్ల మీద ఆపింది.

"మీరిక మా తలుపు కొట్టకండి."

"నేనేమైనా తప్పుగా మాట్లాడానా అండీ?"

"లేదు. పాప మీకు బాగా అలవాటు పడిపోతోంది."

"పాపేనా?"

"ఇంకెవరు?"

అతను సంచి భుజానికెత్తుకుని, తను అప్పుడే బాగుచేసిన లిఫ్ట్ ఎక్కకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. కంపెనీ వేరే కుర్రాణ్ణి పంపించింది. ఆ కుర్రాడికి లిఫ్ట్ లొంగలేదు, పాపా లొంగలేదు.

ఇక వ్యాన్ సంగతి. అది అన్నయ్యది, ఏడు సీట్ల ఆటోమేటిక్. విడాకుల తర్వాత ఆమె, పాప ఉంటున్నది అన్నయ్యా వదినల దగ్గరే. అన్నయ్య పని మీద ఊళ్లు తిరుగుతుంటాడు కాబట్టి, కుట్టిన కర్టెన్లు ఇళ్లకి చేర్చడానికి దాన్ని ఆమే నడుపుతుంది. ఈమధ్య రివర్స్ నుంచి డ్రైవ్‌లోకి వేసేసరికి అది జ్వరమొచ్చినట్టు వణుకుతోంది. ఫోన్‌లో చెబితే అన్నయ్య, "గేర్లలో ఆయిల్ మాడిపోయి ఉంటుంది. డబ్బాలు కొని స్టోర్ గదిలో పెట్టాను, నేనొచ్చాక మారుస్తా" అన్నాడు.

వదిన అంతవరకు ఆగలేదు. ఆదివారం పొద్దున ఆమె కిందికి దిగేసరికి, వ్యాన్ పక్కన పనిముట్ల సంచితో అతను.

"నేనే రమ్మన్నాను" అంది వదిన, తగువుకి సిద్ధంగా నడుం మీద చెయ్యి వేసుకుని. "తమ్ముడూ, కాఫీ తాగి మొదలుపెడతావా?"

"వదినా, ఈయన లిఫ్టులు బాగుచేస్తారు. వ్యాన్లు కాదు."

"అదీ మనం ఎక్కి కూర్చునేదే, ఇదీ మనం ఎక్కి కూర్చునేదే. ఏం తమ్ముడూ?"

ఆమె వదినని పక్కకి లాగింది. "నీకు తమ్ముళ్లే లేరు కదా! ఈ పిలుపేంటి?"

"లేకపోతే పిలుచుకోకూడదా? నాకు తమ్ముడైతే నీకు వరసేమవుతాడో లెక్కేసుకో. నాకు పొయ్యి మీద పాలున్నాయి." వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించింది. "అన్నట్టు, అతన్ని వేరే ఊరికి పంపిస్తారట. వెళ్తాడో లేదో రేపు చెప్పాలట పాపం."

ఆమె, "వెళ్తే మంచిదే" అంది. ఎవరికి మంచిదో చెప్పలేదు.

అతను తలెత్తకుండానే అన్నాడు, "ఈ ఒక్క పనీ చేసి వెళ్లిపోతానండీ. పాపని కూడా పిలవను."

జాకీ పెట్టి వ్యాన్ ముందు భాగం ఎత్తాడు. స్టాండ్లు పెట్టాడు. వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టాడు. ఆమె చుట్టూ తిరిగి ప్రతి ఇటుకనీ కాలితో తన్ని చూసింది.

"నమ్మకం లేదా అండీ?"

"ఇటుకల మీదా, మీ మీదా?"

"ఎవరి మీదైనా."

ఆమె ప్లాస్టిక్ టబ్బు తెచ్చి వ్యాన్ కిందికి తోసింది. తోసేముందు, పాప ఎప్పుడొచ్చి చెయ్యి పెడుతుందో, నేల మీద చింది ఎవరు జారిపడతారో అని, కుట్టుపనిలో మిగిలిన గుడ్డముక్కలు ఒక సంచెడు అందులో నింపింది. తను చాలా తెలివైన పని చేశానని కూడా అనుకుంది.

అతను వ్యాన్ కింద చీకట్లో తడుముకుంటూ అడుగు బోల్టు విప్పాడు. ఆయిల్ తారులా నల్లగా జారింది. చివరి చుక్క దాకా ఆగి, బోల్టు బిగించి, టబ్బు బయటికి లాగి చూశాడు. చూసి, అలాగే ఉండిపోయాడు.

"ఆయిల్ ఏదండీ?"

"గుడ్డలు పీల్చేశాయి. చూశారా, ఒక్క చుక్క చిందలేదు!"

"అది కొలవాలండీ! ఎంత దిగిందో అంతే కొత్తది పోయాలి. తక్కువైనా పాడే, ఎక్కువైనా పాడే."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"టబ్బులో ఎవరైనా గుడ్డలు పెడతారని నాకేం తెలుసు?"

"కుట్టుపనిచేసే వాళ్లింట్లో గుడ్డలుంటాయని తెలీదా?"

అతను నూనె చేతుల్తోనే తల పట్టుకున్నాడు. నుదుటి మీద నల్లగా నాలుగు వేళ్లూ పడ్డాయి. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వకూడదనుకుని ముఖం తిప్పుకుంది. తిప్పుకుని నవ్వింది.

"పిండితే వస్తుందేమో?" అంది చివరికి.

"మీ చేతులకి ఉన్న పని చాలు, వదిలేయండి. ఇంకో దారి ఉంది. కొంచెం పోయడం, ఇంజన్ వేయడం, అన్ని గేర్లూ తిప్పడం, ఆయిల్ మట్టం తెలిసే కొలపుల్ల తీసి చూడడం, మళ్లీ కొంచెం పోయడం. కాకపోతే పొద్దుపోతుంది. దీనికి ఇద్దరు కావాలి. మీరు బ్రేక్ మీద కాలు పెట్టి కూర్చోవాలి."

వ్యాన్ కిందికి దించి, బానెట్ ఎత్తి, కొలపుల్ల గొట్టంలో గరాటు పెట్టాడు. కొత్త ఆయిల్ పిల్లల టానిక్కులా ఎర్రగా దిగింది. ఆమె డ్రైవర్ సీట్లో కూర్చుంది. ఎదురుగా ఎత్తిన బానెట్ తప్ప ఏమీ కనిపించడం లేదు. అతను ఎక్కడున్నాడో తెలియడం లేదు.

"ముందు నిలబడకండి!" అని అరిచింది. "పక్కకి రండి!"

"పక్కనే ఉన్నానండీ. బ్రేక్ తొక్కి రివర్స్‌లో వేయండి."

వేసింది. వ్యాన్ ఒళ్లు విరుచుకుంది.

"ఉన్నారా?"

"ఉన్నానండీ. న్యూట్రల్."

"ఉన్నారా?"

"ఇక్కడే ఉన్నా. ఇప్పుడు డ్రైవ్."

పార్క్‌లోకి తెచ్చాక అతను పుల్ల తుడిచి ముంచి చూసేవాడు. "ఇంకా తక్కువే" అని కొంచెం పోసేవాడు. మళ్లీ మొదలు. రివర్స్. ఉన్నారా? ఉన్నా. న్యూట్రల్. ఉన్నారా? ఉన్నానండీ. చినుకులు మొదలయ్యాయి. పుల్ల తడవకుండా అతను వంగి భుజం అడ్డం పెట్టాడు. ఆమె అద్దం దించి చెవి బయటికి పెట్టింది. తను అడుగుతున్నది గేర్ల కోసమో, ఆ జవాబు కోసమో ఆమెకే తెలియకుండా పోయింది. ఎన్నేళ్లయిందో, ఒక మనిషిని ఉన్నావా అని అడిగి, ఉన్నాననే మాట విని!

"డ్రైవ్‌లో వేసి కాసేపు అలాగే ఉంచండి" అన్నాడు.

వేసింది. ఈసారి వణుకు లేదు. పట్టుగుడ్డ జారినట్టు మెత్తగా పడింది గేరు. ఆ సంతోషంలో, "ఉన్నారా? చూశారా, వణకలేదు!" అంది.

జవాబు లేదు.

"ఏవండీ? ఉన్నారా?"

చినుకుల చప్పుడు. ఇంజన్ చప్పుడు. బానెట్ అవతల ఏ అలికిడీ లేదు.

బ్రేక్ మీద కాలు ఎలా తీయాలి? తీస్తే వ్యాన్ కదులుతుంది. అతను ముందు పడి ఉంటే? లేదా పని అయిపోయిందని వెళ్లిపోయి ఉంటే? పాపని కూడా పిలవనన్నాడు కదా, చెప్పకుండా వెళ్లడమే మేలనుకున్నాడేమో! రెండో కాలు కూడా తెచ్చి బ్రేక్ మీద వేసింది.

"ఉన్నారా! పలకరేంటి!"

మెట్ల వైపు నుంచి పరుగున అడుగులు. కిటికీ దగ్గరికొచ్చి ఆయాసపడుతూ నిలబడ్డాడు. చొక్కా భుజం మీద చిన్న చేతి గుర్తు, పాపది.

"పాప ఒక్కతే మెట్లు దిగుతూ కనిపించిందండీ. పట్టుకుని మీ వదినకి ఇచ్చొచ్చా. చెప్పే తీరిక లేక..."

"చెప్పకుండా వెళ్లకూడదు!" ఆమెకి ఏడుపొచ్చేసింది. "ఎంత అర్జంటైనా సరే, చెప్పకుండా వెళ్లకూడదు!"

"ముందు పార్క్‌లో వేయండి."

"వేయను. ముందు చెప్పండి. రేపు ఏం చెబుతున్నారు మీ కంపెనీకి?"

అతను తడిసిన జుట్టు వెనక్కి తోసుకున్నాడు. "మీరు రావద్దన్నాక ఈ ఊళ్లో నాకు లిఫ్టులు తప్ప ఏమున్నాయి? అవి అక్కడా ఉంటాయి. మీరు ఉండమంటే ఉంటా."

"ఉండండి."

"పాప బెంగపెట్టుకుంటుందనా?"

"పాప పేరెత్తకండి!" అంది ఆమె. "ప్రతిదానికీ పాపని అడ్డం పెట్టుకున్నది చాలు. నేను నా సంగతి చెబుతున్నా. అలవాటైంది నాకు. మీరు వెళ్లిపోతే ఆ మెట్ల ముందు కూర్చుని పిలిచేది నేనే."

అతను కిటికీలోంచి చెయ్యి పెట్టి, గేర్ పిడి మీద ఆమె చేతిని పట్టుకుని, మెల్లగా పార్క్‌లోకి తోశాడు. ఇంజన్ కూడా అతనే ఆపాడు. చెయ్యి మాత్రం తీయలేదు. ఆమె చేతికి కూడా నలుపు అంటింది. మరకంటే ప్రాణం పోయే మనిషి, తుడుచుకోవాలన్న ధ్యాసే లేదు.

"ఎక్కడికెళ్లినా చెప్పి వెళ్తాను" అన్నాడు. "వచ్చి కూడా చెప్తాను. జీతం అంతంతమాత్రం, గొంతు మాత్రం పెద్దదే. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోను."

"రోజుకి వందసార్లు అడుగుతా. నేను భయస్తురాల్ని."

"లిఫ్ట్‌లో మొదటిసారి అరిచినప్పుడే తెలిసిందిలెండి."

పై కిటికీలోంచి వదిన గొంతు ఖంగుమంది. "ఏమ్మా, వ్యాన్ బాగైందా, నేను మీ అన్నయ్యకి ఫోన్ చేసి సంబంధం సంగతి చెప్పనా? రెండూ చెప్పమంటే రెండూ చెప్తా!"

ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. అతని నుదుటి మీద నలుపు, అదే చేత్తో కళ్లు తుడుచుకున్నట్టుంది, ఆమె చెంప మీదా నలుపే. వదిన చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇదీ సంగతి. వాన పెద్దదైంది. వాళ్లిద్దరూ బానెట్ దించి, కర్టెన్ల వాసనొచ్చే ఆ వ్యాన్‌లోనే ఎక్కి కూర్చున్నారు. ఇప్పట్లో దిగేలా లేరు. వదినేమో ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ మొగుడికి జరిగిందంతా చూసినట్టు చెబుతోంది. పాప ఏం చేస్తోందో చూసేవాళ్లు ఒక్కరూ లేరు. కుట్టుమిషన్ గది తలుపు ఓరగా తీసి ఉంది, కత్తెర ఎక్కడ పెట్టారో కూడా తెలీదు. మీలో ఎవరైనా కాస్త పైకెళ్లి, ఆ పిల్ల ఏం చేస్తోందో ఒక్కసారి చూసి రండి.