పడుగు తాడు

డిసెంబరు నెల. ఉదయం పదవుతున్నా వరంగల్ మీద మంచు విడలేదు. హనుమకొండ చౌరస్తాలో ప్రైవేట్ డిటెక్టివ్ రాజేశ్వర్ రావు ఆఫీసు మెట్లెక్కి వచ్చిన ఆడమనిషి కాళ్లకు చెప్పులు లేవు. టైపిస్టు నిర్మల కుర్చీ జరిపినా ఆమె కూర్చోలేదు.

"నా పేరు యాదవ్వ సార్. మాది పరకాల దిక్కు. మా ఆయన మొగిలయ్య కొత్తవాడల ఇండ్లిండ్లకు కట్టెలమోపులు ఏత్తడు. నిన్న పొద్దుగాల నేతపని సారంగపాణి ఇంటికి మోపు తీస్కపోతే, ఆయన మగ్గం మీదనే సచ్చి పడున్నడట. అయ్యో పాపమని లేపబోతే రక్తం అంగికంటింది. గంతే, నువ్వే సంపినవని ఠాణల ఏసిండ్రు. నిన్నటి సంది కొడ్తాండ్రు సార్. పొద్దుమీకేటాల్లకు ఒప్పుకోకుంటే చేతులు పనికిరాకుంట జేత్తమన్నరు."

నిర్మలకు ఒళ్లు మండిపోయింది. ఖద్దరు కట్టుకున్నవాడు శవం పక్కన దొరికితే సాక్షి అవుతాడు, కట్టెలమ్మేవాడు దొరికితే హంతకుడు అవుతాడు. ఇదెక్కడి న్యాయం?

రాజేశ్వర్ రావు మఫ్లర్ మెడకు చుట్టుకుని లేచాడు. ఆయన గొంతు పెంచగా నిర్మల మూడేళ్లలో ఎన్నడూ వినలేదు. ఆ కళ్లు దేన్ని పట్టుకుంటున్నాయో చివరిదాకా అంతుపట్టేది కాదు. అందుకే ఆయనంటే ఆమెకు అంత గురి.

"జర ధైర్యంగ ఉండమ్మా," అన్నాడు యాదవ్వతో. "పొద్దుమీకేదాకా టైముంది గదా."

ఆయన, నిర్మల వెళ్లేసరికి కొత్తవాడలో సారంగపాణి ఇంటి ముందు ఎస్సై టీ తాగుతున్నాడు. "కేసు అయిపోయింది రావు గారూ. మీకెందుకీ చలిలో తిప్పలు?"

"ఒకసారి చూసిపోతాను. మనిషి ఎట్లా పడి ఉన్నాడు?"

"బోర్లా, పడుగు మీద. పొద్దున ఏడింటికి నేసుకుంటుంటే వెనక నుంచి రోకలితో ఒక్క దెబ్బ. రోకలి తలుపు మూలనే దొరికింది. శవాన్ని తీశాం, మగ్గాన్ని ఎవరూ ముట్టుకోలేదు."

అది గుంట మగ్గం. నేతగాడు గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. ఎదురుగా పడుగు, అంటే నిలువు దారాలు, గది పొడుగునా పరుచుకుని ఉంది. సగం నేసిన జంపఖానా మీద రెండు నెమళ్లు. అడ్డంగా నేసే పేక దారం సగం దూరం వచ్చి ఆగిపోయింది. రాజేశ్వర్ రావు పడుగు మీద వేలు పెట్టి నొక్కాడు. అది పాత నులకమంచంలా కిందికి జారింది. వంగి ఆ చివర నుంచి ఈ చివరదాకా చూశాడు. ఒక్క దారం కూడా తెగి లేదు.

సారంగపాణి భార్య చిలుకమ్మ గోడకు ఒరిగి కూర్చుంది. హత్య జరిగినప్పుడు ఆమె స్టేషన్ ఘన్‌పూర్‌లో చెల్లెలింట్లో ఉంది.

"ఈ తాడేందమ్మా?" గుంటకు ఎడమపక్క గుంజకు ముడి విప్పి వేలాడుతున్న తాడు చూపించాడు.

"పడుగు తాడు సార్. బిగించి కడితే పడుగు నిలవడ్తది, ఇప్పితే సడలుతది. అందరికి కుడి దిక్కుంటది. దసరా అయినంక ఈయనకు కుడి బుజం పట్టుకుంటే ఎడమకు మార్సుకున్నడు."

"మీ ఆయనతో ఎవరికైనా పడదా?"

"పక్కింటి కిషన్ రావు సేటుకు మా జాగ కావాలె, నూలు గోదాముకు. ఇంకోటి, పోయినేడు నేతోళ్ల సొసైటీ ప్రెసిడెంటు వెంకట్రాజమన్నకు పట్నంల బహుమతి వచ్చిన నెమళ్ల జంపఖానా ఉన్నది సూడు, అది ఈయన నేసిందే. పేరు మాత్రం ఆయనది. సోమవారం ఆఫీసర్లు వత్తాండ్రు. బొమ్మ గీసిన కాయితం సూడకుంట వాళ్ల ముందట నేసి సూపెడ్తనని ఈయన మళ్ల మొదలువెట్టిండు."

కిషన్ రావు తన ఇంటి గుమ్మంలోనే నిలబడి జవాబు చెప్పాడు. "తగాదా పడ్డమాట నిజమే. నేను నూలు అమ్మేటోణ్ని, నేసేటోణ్ని కాదు. ఆ గుంటల ఎన్నడు కాలు పెట్టలేదు."

వెంకట్రాజం తెల్లని ధోవతిలో, శాలువా కప్పుకుని వచ్చి, లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి కళ్లొత్తుకున్నాడు. "సారంగపాణి నాకు తమ్ముని లెక్క సార్."

"నిన్న పొద్దున ఏడింటికి మీరెక్కడున్నారు?"

"ఆ మంచుల యాడికి పోత? ఇంట్లనే పండుకున్న."

"ఈ ఇంటికి చివరిసారి ఎప్పుడొచ్చారు?"

"దసరాకు ముందు. మళ్ల ఈ గడప తొక్కలే. మగ్గం ఇడిసి పదేండ్లాయె, చేతులే మర్సిపోయినయ్."

రాజేశ్వర్ రావు ఎస్సై వైపు తిరిగాడు. "నాలుగింటికి మొగిలయ్యను ఇక్కడికి తీసుకురండి. ఒక్క గంట చాలు. నా మాట తప్పైతే చౌరస్తాలో నా బోర్డు నేనే పీకేస్తాను."

నాలుగింటికి అందరూ ఆ గదిలో ఉన్నారు. మొగిలయ్య చేతులు పొంగిన రొట్టెల్లా వాచి ఉన్నాయి. ఆ చేతులు చూసి యాదవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. నిర్మల ఎస్సైని కొరకొర చూసింది. ఆయన గోడవైపు తిరిగాడు.

చిలుకమ్మ చేత పడుగు బిగింపించి, గుంటకు రెండు పక్కలా ఉన్న గుంజల మీద రాజేశ్వర్ రావు ముందే దుప్పట్లు కప్పించాడు. మొగిలయ్య, కిషన్ రావు, వెంకట్రాజం ముగ్గురినీ గుంట చుట్టూ నిలబెట్టి, మాటా పలుకూ లేకుండా రోటి పొత్రాన్ని ఎత్తి పడుగు మీద పడేశాడు.

దారాలు టపటపా తెగసాగాయి. కిషన్ రావు ఒకడుగు వెనక్కి వేశాడు. మొగిలయ్య పాపం ఆ వాచిన చేతులతోనే పొత్రాన్ని లేపబోయాడు. వెంకట్రాజం మాత్రం వంగి, ఎడమపక్క దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి, తాడు విప్పేశాడు. పడుగు సడలింది. దారాలు తెగడం ఆగింది.

ఆ తర్వాతే ఆయనకు తన చెయ్యి ఎక్కడుందో తెలిసింది.

"నిన్న కూడా ఇదే జరిగింది," అన్నాడు రాజేశ్వర్ రావు. "సడలిన పడుగు మీద ఎవడూ నేయడు. పేక సగంలో ఆగిందంటే, దెబ్బ పడేటప్పుడు పడుగు బిగించే ఉంది. దాని మీద మనిషి పడితే దారాలు తెగాలి. ఒక్కటీ తెగలేదు. అంటే పడీ పడగానే ఎవరో తాడు విప్పారు. కట్టెలమ్మే మొగిలయ్యకు తాడు సంగతే తెలీదు, అతను ముందు మనిషిని లేపాడు. నూలమ్మే కిషన్ రావుకూ అది పట్టదు. అది నేతగాడి చెయ్యి చేసిన పని, మనసుతో పని లేకుండా."

"నేతోళ్లు ఊరంత ఉన్నరు," అన్నాడు వెంకట్రాజం.

"ఉన్నారు. వాళ్ల చెయ్యి కుడికి పోతుంది. ఈ తాడు దసరా తర్వాతే ఎడమకు మారింది. దసరాకు ముందే చివరిసారి వచ్చానన్నారు, మరి మీ చెయ్యి సూటిగా ఎడమకెందుకు పోయింది?"

వెంకట్రాజం మగ్గం అంచున కూలబడ్డాడు. "ఇడిసిపెట్టుమని బతిలాడిన. ఇనలే. ఆఫీసర్ల ముందట నా ఇజ్జత్ పోతదని రోకలి లేపిన. ఆయన పడంగనే దారం తెగుతదని..."

చిలుకమ్మ లేచి వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

"దారం తెగితే ముడేసుకుందుము గదనే అన్నా. మనిషిని తెంపితివి. ఇప్పుడెట్ల ముడేత్తవో ఎయ్యి."

కానిస్టేబుల్ వెంకట్రాజాన్ని జీపెక్కించాడు. ఎస్సై టోపీ సర్దుకుని, మొగిలయ్య బేడీలు తీసి, "ఇగ పో," అన్నాడు. కుక్కను తోలినట్టు, అంతే.

నిర్మల దారికి అడ్డం నిలబడింది. "పో అంటే అయిపోయిందా? ఆ చేతులు ఎవరు బాగుచేస్తారు?"

"అనుమానం మీద తెచ్చాం. అది మా డ్యూటీ," అని ఆయన ఆమెను తప్పించుకుని జీపెక్కాడు.

యాదవ్వ మొగుడి చెయ్యి పట్టుకోబోయి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మంచులో మెల్లగా దవాఖాన దారి పట్టారు.

"సార్, ఆఫీసుకు పోయి కలెక్టర్‌కు అర్జీ టైపు చేస్తాను," అంది నిర్మల. "మీరు వద్దన్నా చేస్తాను."

రాజేశ్వర్ రావు మఫ్లర్ విప్పి మళ్లీ గట్టిగా చుట్టుకున్నాడు.

"రెండు కార్బన్లు పెట్టు," అన్నాడు. "ఒకటి జడ్జి గారికి, ఒకటి మనకు. కింద ముందు నా సంతకం పెడతాను."