మూగమలుపులో ఊదిన బాకా

ఉప్పు కొటారులో లచ్చుమయ్యా
ఊపిరి దాసేవు ఎవరికయ్యా
మొగలి పూసే యేళ మేమొస్తిమయ్యా...

ఆ తరవాత నాలుగో వరస ఒకటి ఉండాలి. చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఒళ్లో వేసుకుని ఈ పాట పాడేది. మూడు వరసలు అయ్యేసరికి నాకు నిద్ర పట్టేసేది. అందుకని నాలుగోది నా చెవిన పడనే లేదు. ఇప్పుడు అడుగుదామంటే అమ్మ లేదు.

పాటలో చెప్పిన ఆ కొటారు, ఉప్పు నిలవచేసే గోదాము, నిజంగానే ఉందంటారండీ. ఛత్రపురం నుంచి ఆర్యపల్లి వెళ్లే దారిలో, సరుగుడు తోట దాటాక, రోడ్డు ఒక్కసారిగా సముద్రం వైపు తిరుగుతుంది. అక్కడే, మొగలి పొదల వెనకాల. ఆ తిరిగే చోటుని మూగమలుపు అంటారు.

ఆ చోటుకి మంచి పేరు లేదు.

రోడ్డు పక్కన సున్నం కొట్టిన రాయి ఒకటి ఉంటుంది. ఆ రాయి కనబడగానే ఎంత గొప్ప పెళ్లి మేళమైనా ఆగిపోవాలి. బాకా ఊదేవాడు బాకా మూతికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. డోలు వాడు పుల్లలు చంకలో దోపుకుంటాడు. అందరూ తల దించుకుని, కొటారు వైపు చూడకుండా నడిచిపోతారు. మలుపు దాటేదాకా పెళ్లికొడుకు కారు హారను కూడా కొట్టరు.

ఎందుకంటే — అక్కడ ఎవరైనా ఊదితే... లోపల నుంచి లక్ష్ముడు ఊదుతాడంట, ఊదినవాడి ఊపిరి పట్టేసుకుంటాడంట.

ఎప్పుడో అక్కడ ఒక దొర బంగళా ఉండేదంట. పక్కనే ఆయన ఉప్పు కొటారు. నా గుమ్మం ముందు నుంచి ఎవడి పెళ్లి వెళ్లినా మేళం మోగకూడదని ఆయన హుకుం. ఊళ్లన్నీ చిత్తం అన్నాయి. కొమ్ము ఊదే లక్ష్ముడు మాత్రం అనలేదు. చెల్లెలి పెళ్లి ఊరేగింపు వెళుతుంటే ఆ గుమ్మం ముందే నిలబడి, కళ్లు తెరుచుకుని, ఊపిరి ఉన్నంతసేపూ ఊదాడంట. దొర మనుషులు అతన్ని ఈడ్చుకుపోయి ఉప్పు కొటారులో పడేసి తలుపు వేసేశారు.

తెల్లారి తలుపు తీస్తే... ఉప్పు గుట్ట మీద కొమ్ము ఉంది.

మనిషి లేడు.

ఇక నేను రాయబోయేది నా కళ్లతో చూసింది కాదు. గోసాని నువాగాంలో మా ఎదురింటి పిల్ల ఇంద్రజ మా అరుగు మీద కూర్చుని చెప్పింది. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, ఒత్తులు తప్పితే మీరే సర్దుకోండి.

ఇంద్రజ నాన్న కూర్మారావు బ్యాండు మాస్టరు. మీరెప్పుడైనా గమనించారా, బ్యాండు మాస్టరు వెనక్కి నడుస్తాడు. మొహం తన మనుషుల వైపు, వీపు దారి వైపు. అదే అతని కొంప ముంచింది. మూడేళ్ల కిందట ఒక పెళ్లికి ఆర్యపల్లి దారిన వెళుతూ, పైస్వరం ఒకటి అందుకుని, ఆ తన్మయంలో కళ్లు మూసేసుకున్నాడు. ఎదురుగా ఉన్నవాళ్లకి రాయి కనబడింది, టక్కున ఆపేశారు. ఇతను మాత్రం నాకు వంతు ఒగ్గీసినారు గావాలనుకుని ఇంకా పైకి ఊదుకుంటూ పోయాడు. వెనక్కి... వెనక్కి... ఒక్కడే.

కళ్లు తెరిచేసరికి మలుపు నడిమధ్యలో ఉన్నాడు. దూరంగా తన మనుషులు, తలలు దించుకుని.

ఆ వారంలోనే ఒక పొద్దున్న లేచేసరికి మూతి పక్కకి లాగేసింది. నీళ్లు తాగితే ఓ పక్క నుంచి కారిపోయేవి. చల్లగాలికి నరం పట్టేసింది, తగ్గిపోతుంది అన్నాడు డాక్టరు. నిజంగానే తగ్గింది. నవ్వు తిన్నగా వచ్చింది, మాట తిన్నగా వచ్చింది. కానీ బాకా ముట్టలేదు. గుడ్డలో చుట్టి గోడ మేకుకి తగిలించేశాడు.

"నా ఊపిరి ఆడు పట్టీసినాడు" అనేవాడు. అంతే. ఇంకేమన్నా కదిపితే లేచి వెళ్లిపోయేవాడు.

బ్యాండుని ఇంద్రజ ఎత్తుకుంది. అది చదువుకునే రోజుల్లోనే క్లారినెట్ నేర్చింది. పెళ్లిళ్లకి వాయిస్తూనే, ఆ మనుషులతోనే కచేరీ బ్యాండు ఒకటి కట్టింది. కుర్చీలు వేసుకుని, అర్ధచంద్రంలా కూర్చుని వాయిస్తారు. సినిమా పాటలు కాదు. పాత పద్యాలూ కథలూ తీసుకుని వాటికి రాగం కడుతుంది. ఒక్క మాట ఉండదు. ఒకసారి నేనూ వెళ్లి విన్నాను. రాజు వస్తే రాజు వచ్చాడని, వాన కురిస్తే వాన కురిసిందని నాకే తెలిసిపోయింది! అక్షరం నేర్చుకుని అబ్బురపడినదాన్ని, అక్షరమే లేకుండా కథ చెప్పొచ్చని ఆ రోజు చూసి నోరు తెరిచాను.

అలాంటి పిల్ల ఒకనాడు వంటింట్లోకి వచ్చి నా పక్కన పీట వేసుకుంది.

"మామ్మా, లక్ష్ముడి పాట పాడు."

"మూడే వరసలొచ్చు గదే నాకు. మీ నాన్ననడుగు."

"ఆ పేరెత్తితే లేసెల్లిపోతాడు. నీ మూడే ఇయ్యి."

పాడాను. అది వాటిని పెట్టి బ్యాండుకి రాగం కట్టింది. మూడు వరసలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి, చివర — ఏమీ లేదు. పై మెట్టు లేని మెట్లలాగ. వింటుంటే కాలు గాల్లో ఉండిపోయినట్టు ఉండేది నాకు.

"దీన్ని మూగమలుపులో వాయిస్తాం మామ్మా" అంది.

గరిటె పక్కన పెట్టేశాను. "పిచ్చి పట్టిందేటే నీకు?"

"మేళం మోగకూడదన్నదెవురు? లక్ష్ముడా, దొరా?"

ఇన్నేళ్లుగా విన్న కథే. ఎప్పుడూ అలా ఆలోచించలేదు నేను. "...దొర."

"దొర పోనాడు. బంగళా పోనాది. ఆడి హుకుం మాత్రం మనం మోస్తన్నాం. అదీ, ఎదిరించి ఊదినోడి పేరు సెప్పి నోరు మూసుకుంటన్నాం. సిగ్గుండొద్దా?"

"అది కాదే... మీ నాన్నకి మల్లీ ఏటైనా అయితే?"

ఇంద్రజ నా మొహంలోకి చూసింది. "మా నాన్న బాకాతో పాటు మేకుకి ఏలాడుతున్నాడు మామ్మా. ఇంతకన్నా ఏటవుతాది?"



ఛత్రపురంలో బట్టల కొట్టు ధనరాజు గారి అబ్బాయి పెళ్లి వచ్చింది. ఆర్యపల్లి దగ్గర సముద్రం ఒడ్డున కొత్త ఫంక్షన్ హాలు. రాత్రి ఊరేగింపు ఆ దారినే వెళ్లాలి. ఇంద్రజ ముందు నడిచింది. ఆఖర్న జనరేటరు బండి. దాని పక్కన కూర్మారావు. కూతురు బతిమాలితే వచ్చాడు. బయలుదేరే ముందు ఆ పిల్ల గుడ్డ విప్పి బాకా అతని చేతిలో పెట్టిందంట.

"ఊదొద్దు నాన్నా. ఊరికే పట్టుకో."

సరుగుడు తోట దాటారు. గాలి ఆగిపోయింది. మొగలి వాసన ఒక్కసారిగా గుప్పుమంది — అది పూసే రోజులు గదా. దీపాల వెలుతురులో తెల్లగా... రాయి.

అందరూ ఆగిపోయారు. చేతులు వాటంతట అవే బాకాల మూతుల మీదికి వెళ్లాయి.

ఇంద్రజ ఆగలేదు. వాళ్ల వైపు తిరిగి, తండ్రి నడిచినట్టే వెనక్కి నడిచి, రాయి దాటి నిలబడింది.

"సెయ్యి తియ్యండి" అంది మెల్లగా.

ఎవరూ తియ్యలేదు. పెద్ద డోలు వాయించే తవిటయ్య గొంతు తగ్గించి, "పాపా, నాకు ముగ్గురు మనవలమ్మా. ఆల్ల పెళ్లిల్లు సూడాల" అన్నాడు.

"ఆల్ల పెళ్లిల్లకీ ఇక్కడ పుల్లలు సంకలో పెట్టుకుంటావా, బాబాయ్?"

తవిటయ్య చంకలోని పుల్లల వైపు చూసుకున్నాడు.

కారు తలుపు తెరుచుకుంది. ధనరాజు గారు పంచె ఎత్తి పట్టుకుని వచ్చారు. "అమ్మా, నీకు దండం పెడతాను. శుభమా అని పెళ్లి. పడుకున్నోన్ని లేపకు."

"ఆడు పడుకోలేదు సావుకారు బాబూ. ఆణ్ని పడుకోబెట్టినారు."

వెనక నుంచి జనరేటరు బండివాడు, మేళం ఆపెయ్యమని తన భాషలో కేకేశాడు — "బాజా బంద్ కొరొ దీదీ... బంద్ కొరొ..."

ఇంద్రజ క్లారినెట్ ఎత్తింది.

ఉప్పు కొటారులో లచ్చుమయ్యా... మొదటి వరస ఒక్కతే ఊదింది. సన్నగా. స్వరం వణికింది గాని ఆగలేదంట. రెండో వరసకి — ధమ్! తవిటయ్య డోలు. పళ్లు బిగించి, కళ్లల్లో నీళ్లతో కొడుతున్నాడు. మూడో వరసకి ఒక్కొక్కరే చేతులు తీసేశారు. ఒక బాకా... ఇంకో బాకా... తరాలుగా మూగగా ఉన్న ఆ మలుపు హోరెత్తిపోయింది. పొదల్లోంచి పిట్టలు లేచిపోయాయి.

మొగలి పూసే యేళ మేమొస్తిమయ్యా —

ఆగింది. అక్కడితో అయిపోయింది మరి. నాలుగోది లేదు.

నిశ్శబ్దం.

దూరంగా సముద్రం.

అప్పుడు... చీకట్లోంచి... బాకా.

ఎవరి చేతిలోంచో తాళాలు జారి ఖంగుమన్నాయి. ధనరాజు గారు కారు ముందు చతికిలబడిపోయారు. బాకా మొదట బొంగురుగా, ఊపిరి పక్కల నుంచి జారిపోతున్నట్టు పలికింది. ఒక చోట తెగింది. మళ్లీ అందుకుంది. పైకి లేచింది. ఎవరికీ తెలియని నాలుగో వరస... తిన్నగా, తీరుగా, మెట్టు మీద కాలు పెట్టినట్టు వచ్చి నిలబడింది.

అందరూ కొటారు వైపు చూస్తూ బిగుసుకుపోయారు. వెనక్కి తిరిగి నిలబడింది ఇంద్రజ ఒక్కతే. దానికి మాత్రం అందరి తలల మీదుగా, ఆఖర్న, జనరేటరు దీపం కింద కనబడింది.

వాళ్ల నాన్న.

బాకా పెదాల మీద ఉంది. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఓరి కూర్మన్నా! సంపీసినావు గదరా!" అని తవిటయ్య అరిచాడు. ఒక్కసారిగా అందరూ నవ్వారు, ఏడ్చారు, ఒకళ్ల వీపు ఒకళ్లు చరుచుకున్నారు. కింద చతికిలబడ్డ ధనరాజు గారు కూడా నవ్వేశారంట.

కూర్మారావు బాకా దించి మూతి తుడుచుకున్నాడు. సిగ్గుపడుతున్న పెళ్లికొడుకులా ఉన్నాడంది ఇంద్రజ. "మా అమ్మ నాకు పాడిన పాట గదా" అన్నాడు. "అలగ సగంలో ఒగ్గీసినావేటి? నాలుగోది ఉంది. 'మా పిలుపు ఇంటే బదులూదవయ్యా' అని."

ఆ మాట అతని నోట్లో ఉండగానే —

మొగలి పొదల వెనకాల నుంచి ఊదారు.

అదే నాలుగో వరస. నిదానంగా. కూర్మారావు ఊపిరి తెగిన చోట కూడా తెగకుండా, చివరిదాకా.

నవ్వులన్నీ ఆగిపోయాయి.

"గోడ" అన్నాడు తవిటయ్య, ఎప్పటికో. "కొటారు గోడకి తగిలి మల్లొచ్చింది. అంతే. అంతే గదా?"

"అంతే" అన్నారు అందరూ.

కానీ ఈసారి ఎవరూ బాకాకి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కూర్మారావు నడిచి ముందుకి వచ్చాడు. తండ్రీ కూతురూ పక్కపక్కన, వెనక్కి నడుస్తూ, నాలుగు వరసలూ వాయించుకుంటూ ఊరేగింపుని మలుపంతా దాటించారు. వెనక ధనరాజు గారి కారు హారను కొడుతూనే ఉందంట.

ఇదంతా మర్నాడు పొద్దెక్కాక చెప్పింది ఇంద్రజ. నిద్ర లేని కళ్లు, చెప్పుల నిండా ఇసక. టీ గ్లాసు చేతికిచ్చాను. ఎదురింట్లో కూర్మారావు బాకా సాధన మొదలెట్టేశాడు. మూడేళ్లుగా బాకా మోగని ఇల్లు. వీధిలో పిల్లలందరూ గుమ్మం దగ్గర పోగయ్యారు.

నాకు ప్రాణం కుదుటపడింది. "గోడే నయం. నేనింకా ఏటో అనుకున్నాను" అన్నాను.

ఇంద్రజ టీ తాగలేదు. గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

"తిరిగొచ్చేటప్పుడు తెల్లారిపోయింది మామ్మా. నేనూ నాన్నా బండి దిగి పొదల్లోకి ఎల్లినాం. అటేపు సూడకూడదని ఇన్నేల్లూ ఎవులూ సూడలేదు గదా..."

"ఊఁ?"

"గోడ లేదు. ఎప్పుడో పెద్ద తుపాన్లో పడిపోయినట్టుంది. ఇసక మేటేసీసింది. మోకాలెత్తు రాయి కూడా లేదు మామ్మా. ఇసకా, మొగలీ. అంతే."

వీధిలో బాకా ఆగింది. కూర్మారావు ఊపిరి తీసుకుంటున్నట్టున్నాడు. ఆ కాస్తసేపూ నేను చెవులు రిక్కించి కూర్చున్నాను... ఎందుకో నాకే తెలీదు.

"మరి భయమెయ్యలేదేటే నీకు?"

ఎదురింట్లో బాకా మళ్లీ అందుకుంది. ఇంద్రజ గ్లాసు కింద పెట్టి లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఏసింది మామ్మా. అందుకే నేనూ నాన్నా అనుకున్నాం... మల్లీ ఆ దారిన ఎల్లినప్పుడు, మా వరసలో ఆడికో సోటు ఒగ్గి నిలబడతాం."