దొరకని ప్రింటర్ పోర్టు

“రైలు వంతెన కింద బాంబు పెట్టారు. ఎక్కడ పెట్టారో మనవాళ్లకి ఇంకా దొరకలేదు,” అన్నాడు చీఫ్. “పేల్చేది ఎదురుగా ఉన్న ఎగుమతుల ఆఫీసు నుంచి. అక్కడి కంప్యూటర్ మొరాయించిందట. మెకానిక్‌ని పిలిచారు. నువ్వే ఆ మెకానిక్‌వి.”

“ఆఫీసులో ఎవరుంటారు సార్?”

“మేడమ్. మీట ఆమె చేతే నొక్కించు. నీ కళ్లద్దాల్లోని కెమెరాకి అది చిక్కాలి. కానీ బాంబు పేలకూడదు.”

ఏజెంట్ డేగకు ఆ పేరు కొత్త కాదు. రెండు పక్షాలకూ గూఢచారిగా పనిచేసే ఆ అందగత్తె, అతని అన్నను నమ్మించి వెన్నులో కాల్చింది.

నెరిసిన విగ్గుతో, టూల్ బ్యాగుతో వచ్చిన డేగను మేడమ్ గుర్తుపట్టలేదు. ఆమె చూపు కిటికీ అవతలి వంతెన మీదే ఉంది.

“ప్రింటర్ పోర్టు దొరకలేదంటోంది. తొందరగా చూడు.”

యూనిక్స్ తరహా కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ అది. డేగ రీబూట్ చేశాడు. ప్రింటర్ పోర్టు లేదని తెర మీద మళ్లీ అదే మాట. సిస్టమ్ మొదలయ్యేటప్పుడు పోర్టుకి ఒక అంకె పంపి, అదే అంకె తిరిగొస్తేనే పోర్టు ఉన్నట్టు లెక్క. అతను కేబుల్ పీకి మళ్లీ బూట్ చేశాడు. ఈసారి పోర్టు కనబడింది. అంటే కేబుల్ చివర ఉన్నదేదో ఆ అంకెను చెడగొడుతోంది. ప్రింటర్ అలా చెయ్యదు.

“దొరికింది మేడమ్. ఇప్పుడు కేబుల్ పెట్టేసినా ఫరవాలేదు. టెస్ట్ ప్రింట్ తియ్యమంటారా?”

“వద్దు!” ఆమె దాదాపు అరిచింది.

డేగకు ఇక అనుమానం లేదు: ఆ కేబుల్ వెళ్లేది బాంబు దగ్గరికే. బ్యాగులో పిస్తోలు ఉంది. వేలు దాన్ని తాకింది కూడా. కానీ ఒక్క గుండుతో పోతే ఆమెకు ఓటమి రుచి తెలియదు.

“చిన్న సెట్టింగ్ మిగిలింది,” అంటూ కీబోర్డు లాక్కున్నాడు. ప్రింటర్ డివైస్ పేరును తీసుకెళ్లి ‘నల్’ అనే డివైస్‌కి తగిలించాడు. కేబుల్ మళ్లీ బిగించాడు.

రైలు కూత వినిపించింది. మేడమ్ అతన్ని పక్కకు తోసి, కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కింది. కంప్యూటర్ ఏ తప్పూ చూపించలేదు. మళ్లీ నొక్కింది. మళ్లీ.

కిటికీల నిండా జనంతో రైలు వంతెన దాటిపోయింది.

ఆమె హ్యాండ్‌బ్యాగు అందుకునేలోపే డేగ పిస్తోలు ఆమె కణతకు ఆనింది. రెండో చేత్తో విగ్గు లాగేశాడు.

“మా అన్నవి నా పోలికలే అనేవాళ్లు. గుర్తొచ్చాడా?”

మేడమ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. డేగ వేలు ట్రిగ్గర్ దాకా వెళ్లి ఆగింది. బ్యాగులోంచి సంకెళ్లు బయటికి తీశాడు.

“నా సిగ్నల్... ఎక్కడికి పోయింది?” గొణిగిందామె.

“నల్‌లోకి. అందులో పడ్డది మళ్లీ బయటికి రాదు,” అన్నాడు సంకెళ్లు బిగిస్తూ. “మీకూ అలాంటి గదే చూసి పెట్టాం మేడమ్.”