దొరగారి తోట

ఆ ఇంట్లో అందరికంటే ఆలస్యంగా నిద్ర లేచేది దొరగారు. దొరగారంటే ఎవరో పెద్దమనిషి కాదు, హాల్లో గాజు పెట్టెలో కాపురముండే ఎడారి బల్లి. మూరెడు ఒళ్ళు, గొంతు కింద గరుకు గడ్డం, ఎవరొచ్చినా లెక్కచేయని చూపు. పైన వేడి దీపం వెలగగానే బద్ధకంగా రాయెక్కి, కళ్ళు సగం మూసుకుని, ఇంటిల్లిపాదీ తన సేవకే పుట్టారన్నట్టు కూర్చునేవారు. సంగతి కూడా ఇంచుమించు అంతే.

ఆయనకి పేరు పెట్టింది బుజ్జి. బుజ్జికి పదిహేడేళ్ళు. తల్లి పోయి నాలుగేళ్ళయింది. తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నిరుడు ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుని తెచ్చిన మనిషి మొక్కల నర్సరీలో పనిచేస్తుంది. అంట్లు కట్టడం, కుండీలు మార్చడం ఆమె పని. గోళ్ళ సందుల్లో మట్టి ఎంత కడిగినా పోదు.

బుజ్జి పెంకిపిల్ల అయినా బాగుండేదని ఆ పిన్నికి ఒక్కోసారి అనిపించేది. పోట్లాడితే సర్దిచెప్పుకోవచ్చు, అలిగితే బతిమాలుకోవచ్చు. ఈ పిల్ల అవేవీ చేయదు. అన్నం పెడితే చక్కగా తింటుంది, కంచం తనే కడుగుతుంది, ‘మీరు’ అనే మాట్లాడుతుంది. చుట్టాలింటికి వచ్చిన మనిషిలా సొంత ఇంట్లో మసలుకుంటుంది. పైగా బుజ్జి పెద్దమ్మ, అంటే చనిపోయిన తల్లికి అక్క, పరీక్షలయ్యాక తన దగ్గరికి వచ్చేయమని పిలుస్తోంది. వెళ్ళేదీ లేనిదీ ఈ ఆదివారం చెప్పాలి. ఆ ఆదివారం దగ్గరపడుతున్నకొద్దీ పిన్నికి ముద్ద దిగడం లేదు.

పిల్లని మాటలతో దగ్గర చేసుకోవడం ఆమెకి చేతకాలేదు. చేతనైంది మొక్కలు. గాజు పెట్టెలో ఉన్న ప్లాస్టిక్ ఆకులు వెలిసిపోయి దుమ్ము కొట్టుకుపోయాయి. వాటి బదులు బతికున్న మొక్కలు పెట్టనా అని నెల కిందట భయం భయంగా అడిగింది. బుజ్జి ‘మీ ఇష్టం’ అంది. ఆ రెండు మాటలకే ఆమె పొంగిపోయి, ముళ్ళు లేని నాగజెముడు ఒకటి, కలబందకి చిట్టి చెల్లెలిలా ఉండే చారల మొక్క ఒకటి, గరుకు గడ్డి దుబ్బు ఒకటి ఏరింది. దొరగారు ఆకు కొరుకుతారు కాబట్టి మందులు చల్లిన మట్టి దులిపేసి, వేళ్ళు కడిగి, వేరే మట్టిలో కొన్నాళ్ళు పెంచింది. తర్వాత కుండీలతో సహా ఇసుకలో అంచుల దాకా పాతి, తవ్విపోయకుండా చుట్టూ గులకరాళ్ళు పేర్చింది. దీపం సెగ తగలని మూలకి వాటిని సర్దింది. వారానికోసారి మొక్క మొదట్లో నాలుగు చెంచాల నీళ్ళు చాలని ఆమె లెక్క. ఆ లెక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎవరు అడిగారు కనక?

ఆ శుక్రవారం ఉదయం దొరగారు రాయెక్కలేదు. దీపం వెలిగి చాలాసేపైంది. పిన్ని వంటింట్లో టీ వడపోస్తుంటే హాల్లోంచి బుజ్జి గొంతు వినిపించింది. వెళ్ళి చూస్తే ఆయన మూలన ఇసుక మీద పడి ఉన్నారు. నోరు తెరిచి ఆయాసపడుతున్నారు, ముక్కు దగ్గర చిన్న బుడగ. గాజు లోపలంతా ఆవిరి పట్టి ఉంది.

బుజ్జి వెనక్కి తిరిగింది. ముఖం తెల్లబోయి ఉంది.

“ఇది మీ మొక్కల వల్లే. ఇన్నాళ్ళూ దీనికి తుమ్ము కూడా లేదు. నాకివి కావాలని నేను అడిగానా?”

పిన్ని చేతులు పెట్టి ముందు నాగజెముడు పైకి లాగింది. రావడానికి బలమే అక్కర్లేకపోయింది. వేళ్ళు నల్లగా కుళ్ళి జారిపోయాయి. కుండీ బురద, దాని చుట్టూ ఇసుక తడి, అడుగున నీళ్ళు. నాలుగు చెంచాలకి ఇంత తడి ఎక్కడిదో ఆమెకి అర్థం కాలేదు.

“ఇవి నేను పోసిన నీళ్ళు కావు” అంది.

ఆ మాట వినడానికి ఎంత చెడ్డగా ఉందో అన్నాక తెలిసింది. బుజ్జి కళ్ళు ఎర్రబడ్డాయి. “మరి ఆకాశంలోంచి పడ్డాయా? ఇక్కడ ఏది మార్చినా మీరే, చెడితే మాత్రం మీరు కాదు. ఆదివారం దాకా ఎందుకు, నేను రేపే పెద్దమ్మ దగ్గరికి పోతాను. దీన్ని కూడా తీసుకుపోతాను, బతికితే.”

గుమ్మంలో తండ్రి చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఆగిపోయాడు. ఏదో అనబోయి మింగేశాడు. ముందు డాక్టరు దగ్గరికి పదండని మాత్రం అన్నాడు.

దొరగారిని పాత తువ్వాలులో చుట్టి, వేడినీళ్ళ సీసా పక్కన పెట్టి, అట్టపెట్టెలో తీసుకెళ్ళారు. పెట్టె బుజ్జి ఒళ్ళో ఉంది. పిన్ని వెనక సీట్లో ఒద్దికగా ముడుచుకుని, ఈ ఇంట్లో నాకు నూకలు చెల్లిపోయాయి అనుకుంది.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. దొరగారిని అటూ ఇటూ తిప్పి, ఛాతీ విని, ఊపిరితిత్తుల్లో చెమ్మ చేరిందని, తొందరగా తెచ్చారు కాబట్టి భయం లేదని చెప్పింది. పొడి ఇసుక, మంచి వేడి, చుక్కల మందు. మొక్కలుంటే తప్పేమీ లేదు, నీడా, నక్కడానికి చోటూ ఉంటాయి, కాకపోతే ఎడారిని ఎడారిలాగే ఉంచాలి అంది. ఆ తర్వాత కళ్ళజోడు సర్దుకుని అడిగింది.

“ఇంతకీ నీళ్ళు పోసేది ఎవరు?”

“నేనేనండీ” అంది పిన్ని. ఎంత పోసిందో, ఎన్నాళ్ళకోసారి పోసిందో చెప్పింది. పోయిన వారం ఆకు వాడినట్టుంటే ఇంకో రెండు చెంచాలు కలిపానని కూడా చెప్పింది. వేరు కుళ్ళినా ఆకు వాడుతుందని ఆమెకి తెలియక కాదు. మట్టిలో వేలు పెట్టి చూస్తే తెలిసేదే. కానీ అప్పుడు పక్కనే బుజ్జి కూర్చుని ఉంటే, ఆ పిల్ల పెట్టెలో చెయ్యి పెట్టడానికి మొహమాటపడింది.

తండ్రి గొంతు సవరించుకున్నాడు. “నేను కూడా పోశాను. రాత్రి భోజనాలయ్యాక రోజూ ఓ గ్లాసుడు.”

పిన్ని ఆయన వంక తెల్లమొహం వేసుకుని చూసింది.

“వాడిపోతున్నాయిగా మరి. నువ్వు అంత ఇష్టంగా పెట్టుకున్నావు. అవి చస్తే నీ మనసు విరిగిపోతుందనుకున్నాను” అన్నాడాయన, స్కూల్లో తప్పు చేసి దొరికిన పిల్లాడిలా.

బుజ్జి తల వంచుకుంది. అట్టపెట్టె అంచుని గోటితో గీకుతూ ఉండిపోయింది. ఏడుపు ముందొచ్చింది, మాట తర్వాత వచ్చింది.

“నేనూ పోశాను. పొద్దున్నే, మీరిద్దరూ లేవకముందు. సీసాతో చల్లేదాన్ని.”

“నీకు వాటి సంగతి పట్టలేదనుకున్నానే” అన్నాడు తండ్రి.

“పట్టకపోవడమేంటి? వాడిపోతుంటే ఎలా ఊరుకుంటాను? ఇది రోజూ ఆ గడ్డిలో తల పెట్టుకుని పడుకుంటోంది. అవి చచ్చిపోతే పిన్ని మళ్ళీ ఇంకేదీ పెట్టదు, భయపడిపోతుంది. ఇప్పటికే అన్నిటికీ భయపడుతుంది.” ఆ తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి వెక్కుతూ చెప్పింది. “పొద్దున నేను తిట్టింది పిన్నిని. రోజూ పోసింది నేను కూడా. నాకు తెలుసు, తెలిసే తిట్టాను.”

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ముగ్గురు మనుషులు ఒకరికి తెలియకుండా ఒకరు ప్రేమ పోసి ఒక ఎడారిని ముంచేయడం తన సర్వీసులో ఇదే మొదలని, ఇంట్లో కాస్త మాట్లాడుకోమని సలహా ఇచ్చి, దానికి వేరే ఫీజు లేదని చెప్పింది.

పిన్నికి మాత్రం నవ్వు రాలేదు. ఏడాదిగా ఆమె ఈ పిల్ల ముఖంలో వెతుక్కున్న ప్రేమే వేకువనే లేచి తన మొక్కలకి నీళ్ళు పోస్తోంది. తను వంటింట్లో కుమిలిపోతున్న రోజుల్లోనే పోస్తోంది. ఎవరికి దండం పెట్టుకోవాలో తెలియక, ఆమె డాక్టరమ్మకే రెండు చేతులూ జోడించింది.

ఆదివారానికి దొరగారు తేరుకున్నారు. మందు చుక్క నోట్లో వేస్తే మహా అవమానం జరిగినట్టు గడ్డం ఉబ్బించి చూస్తున్నారంటే, నయమైపోయినట్టే. పాత ఇసుకంతా పారబోశారు. కొత్త ఇసుకని తండ్రి జల్లెడ పట్టి మేడ మీద ఎండబెట్టాడు. పిన్ని కొత్త మొక్కలు తెచ్చి, ఈసారి ఒక్కర్తే పెట్టకుండా బుజ్జిని పిలిచింది. కుండీ ఎంత లోతుకి దించాలో, మట్టిలో వేలు ఎలా పెట్టి చూడాలో చెబుతుంటే, బుజ్జి మోచేతుల దాకా ఇసుకలో ఉండి వింటోంది.

“మరి ఇది వాడితే ఏం చెయ్యాలి?” అని అడిగింది.

“ఏమీ చెయ్యకు. ముందు నన్ను పిలు.”

“నువ్వు నర్సరీకి వెళ్ళుంటే?”

“ఫోన్ చెయ్యి. ఆకు వాడిందని చెప్పు, అలిగానని చెప్పు, ఏదైనా చెప్పు. వచ్చేస్తాను.”

అప్పుడే ఫోన్ మోగింది. పెద్దమ్మ. బుజ్జి లాగు మీద ఒక చెయ్యి తుడుచుకుని తీసింది. అవతల ప్రశ్న ఏమిటో పిన్నికి తెలుసు. ఆమె చేతుల్లో నాగజెముడు అలాగే ఆగిపోయింది.

“లేదు పెద్దమ్మా, సెలవుల్లో వచ్చి ఓ వారం ఉంటాను. చదువు ఇక్కడే. ఇక్కడే బాగుంది” అంది బుజ్జి. “ఆఁ, తింటున్నాను. పిన్ని బాగానే చూసుకుంటోంది.”

పిన్ని కళ్ళు నిండి బుగ్గల మీదికి కారాయి. తుడుచుకుందామంటే రెండు చేతులూ మట్టి, పైగా మొక్క నిలబడే దాకా వదలకూడదు. బుజ్జి ఇటు చూసింది. పెద్దమ్మతో పరీక్షల సంగతి చెబుతూనే, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, ముందుకి వంగి, తన చొక్కా చేతి అంచుతో ఆమె కళ్ళు రెండూ తుడిచింది.